మహిళా డిగ్రీ కాలేజీకి కొత్త ప్రిన్సిపాల్ అయ్యారా? మొదటి ఏడాది ఎలా నడపాలంటే

జూన్ రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. ప్రమోషన్ మీద వచ్చినవాళ్లు, బదిలీ మీద వచ్చినవాళ్లు, పెద్దావిడ రిటైరైతే ఇన్‌చార్జి నెత్తిన పడ్డవాళ్లు. అందరూ అడిగేది ఒకటే. "మేడమ్, బి.ఏ.లో పిల్లలు లేరు. కోర్సులు మార్చమంటున్నారు. స్టాఫ్ రెండు ముక్కలైపోయింది. మేనేజ్‌మెంటేమో మగపిల్లల్ని కూడా చేర్చుకుందామా అంటోంది. ఎక్కడ మొదలుపెట్టను?" ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పి నా గొంతు పోతోంది కాబట్టి రాసి పెడుతున్నాను.

ఇది ఆర్ట్స్, కామర్స్ మీద నడిచే జిల్లా, తాలూకా స్థాయి మహిళా కాలేజీల కోసం. సీటు కోసం సిఫార్సు ఉత్తరాలు వచ్చే హైదరాబాద్, విజయవాడ కాలేజీలకు దీనితో పెద్దగా పని లేదు. ప్రభుత్వ కాలేజీకీ, ప్రైవేటు కాలేజీకీ తేడా వచ్చిన చోట విడిగా చెప్తాను.

మార్పు బాగా జరిగిందా లేదా అని నేను చూసేది ఒక్క అంకెతోనే. మొదటి ఏడాది చేరిన అమ్మాయిల్లో ఎంతమంది చివరి సెమిస్టర్ పరీక్ష రాశారు? న్యాక్ (కాలేజీల నాణ్యతను తూచే సంస్థ) గ్రేడు, కొత్త బిల్డింగు, పేపర్లో ఫోటో, అన్నీ దాని తర్వాతే.

దగ్గర పెట్టుకోవలసినవి

- గత 3 ఏళ్ల నామినల్ రోల్స్ (చేరినవాళ్ల పేర్ల జాబితాలు), ప్రతి సెమిస్టర్‌కు పరీక్ష ఫీజు కట్టినవాళ్ల జాబితాలు
- ఇప్పటి టైమ్‌టేబుల్, ఎవరికి వారానికి ఎన్ని గంటలో చూపే వర్క్‌లోడ్ పట్టిక
- పిల్లలు వచ్చే ఊళ్ల పేర్లు, ఆ రూట్లలో బస్సుల టైములు (డిపోలో అడిగి, మళ్లీ పిల్లల్ని అడిగి సరిచూసినవి, రెండూ కలవవు)
- స్పెషల్ ఫీజు ఖాతా పాస్‌బుక్, ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద రావలసిన బకాయిల లెక్క
- గత న్యాక్ పీర్ టీమ్ (తనిఖీకి వచ్చిన బృందం) రిపోర్టు, ముఖ్యంగా చివర్లో ఉండే సిఫార్సులు
- రెండేళ్ల స్టాఫ్ కౌన్సిల్, గవర్నింగ్ బాడీ మినిట్స్
- 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి
- ఏ రిజిస్టరు ఏ బీరువాలో ఉందో తెలిసిన మనిషి ఒకరు. సూపరింటెండెంట్ కావచ్చు, 20 ఏళ్లుగా అక్కడే ఉన్న రికార్డ్ అసిస్టెంట్ కావచ్చు. ఈ మనిషిని మొదటి వారంలోనే మంచి చేసుకోండి. లేకపోతే పైన రాసినవేవీ మీ టేబుల్ మీదకు రావు.

1. మొదటి నెల ఏదీ మార్చకండి, రెండు తప్ప

కొత్తగా వచ్చిన ఊపులో టైమ్‌టేబులు, యూనిఫాం, ప్రిన్సిపాల్ గదిలో సోఫా మార్చేయాలనిపిస్తుంది. ఆగండి. ఆ నెలంతా చూడండి, అడగండి, నోట్‌బుక్‌లో రాయండి. స్టాఫ్ రూమ్‌లో ఒకసారి, ఆఫీసులో ఒకసారి, గేటు దగ్గర ఒకసారి కూర్చోండి. గేటు దగ్గర కూర్చుంటే తెలిసినన్ని సంగతులు స్టాఫ్ మీటింగులో తెలియవు.

ఆగకూడని రెండు: టాయిలెట్లు, లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే ఇంటర్నల్ కమిటీ.

టాయిలెట్ల సంగతి నివేదికలో చూడకండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక క్లాసులోకి వెళ్లి బెంచీల మీద నీళ్ల సీసాలు చూడండి. పొద్దున ఇంటి నుంచి నింపుకొచ్చిన సీసా రెండింటికి కూడా నిండుగానే ఉందంటే ఆ పిల్ల నీళ్లు తాగడం లేదని అర్థం. తాగితే టాయిలెట్‌కు పోవాలి, అక్కడ గడియ లేదు, నీళ్లు రావు. నేను చూసిన క్లాసులో నలభై సీసాల్లో ముప్పై దాకా మూత తీయనివే. గడియలు, బకెట్లు, రెండు బల్బులు, ఒక మోటారు రిపేరు, మూత ఉన్న చెత్తడబ్బాలు. నాకు అయిన ఖర్చు ఒక సెమినార్‌కు వేసే ఫ్లెక్సీలు, శాలువాల ఖర్చంత లేదు. నెల తర్వాత మళ్లీ సీసాలు చూసుకోండి, ఫలితం అక్కడే తెలుస్తుంది.

ఇంటర్నల్ కమిటీ విషయానికొస్తే, "మనది ఆడపిల్లల కాలేజీ కదా మేడమ్, ఎందుకు?" అంటారు. లెక్చరర్లలో, ఆఫీసులో, ఆటోలో, బయటి ఎగ్జామినర్లలో మగవాళ్లు లేరా? 2013 చట్టం, 2015 యూజీసీ నిబంధనలు మహిళా కాలేజీని మినహాయించలేదు. సీనియర్ మహిళా అధ్యాపకురాలు అధ్యక్షురాలిగా, బోధన, బోధనేతర సిబ్బంది, విద్యార్థినుల ప్రతినిధులు, బయటి సంస్థ నుంచి ఒకరు ఉండాలి. పేర్లు, ఫోన్ నంబర్లు తెలుగులో రాసి టాయిలెట్ల దారిలో అతికించండి. ఆఫీసు నోటీసు బోర్డు ముందు నిలబడి ఏ పిల్లా ఆ నంబరు రాసుకోదు.

2. పిల్లలు ఎక్కడ రాలిపోతున్నారో లెక్క తీయండి

దీనికి మూడు సాయంత్రాలు పడుతుంది. ఇంకెవరికీ అప్పజెప్పకండి, మీరే కూర్చోండి.

నోట్‌బుక్‌లో బ్యాచ్‌కు ఒక పేజీ. అడ్డంగా గడులు: చేరినవాళ్లు, ఒకటో సెమిస్టర్ రాసినవాళ్లు, రెండు, మూడు, అలా చివరిదాకా. మా కాలేజీలో ఒక బి.ఏ. బ్యాచ్ ఇలా వచ్చింది: చేరింది 58, మొదటి సెమిస్టర్ రాసింది 51, రెండోది 49, మూడోది 37, ఆరోది 33. అంటే రెండో సెమిస్టర్‌కూ మూడోదానికీ మధ్య, ఒక్క వేసవి సెలవుల్లో 12 మంది పోయారు. అప్పటిదాకా స్టాఫ్ అంతా "ఇంగ్లీషు రాక ఫెయిలై మానేస్తున్నారు" అంటూ వచ్చాం. పేర్లు దగ్గర పెట్టుకుని చూస్తే ఆ 12 మందిలో 9 మందికి బ్యాక్‌లాగ్ ఒక్కటి కూడా లేదు.

ఇక ఫోన్లు. మానేసిన ప్రతి అమ్మాయి ఇంటికీ ఆమెకు పాఠం చెప్పిన లెక్చరమ్మ చేత చేయించండి. ఆఫీసు నుంచి చేస్తే ఫీజు బాకీ కోసం అనుకుని ఎత్తరు. "ఎందుకు మానేశావు?" అని అడగొద్దు. "బాగున్నావా, ఇప్పుడెక్కడున్నావు?" అంటే చాలు, మిగతాది వాళ్లే చెప్తారు. మాకు వచ్చిన జవాబులు: వేసవి ముహూర్తాల్లో పెళ్లయింది, అమ్మకు ఆపరేషన్, ఇంట్లో వంటకు మనిషి లేదు, తమ్ముడిని ఇంజనీరింగ్‌లో చేర్చారు, ఇద్దరికీ పెట్టలేమన్నారు, నర్సింగ్‌కు వెళ్లింది, బట్టల షాపులో పని.

కారణాన్ని బట్టి పని:

- వేసవి పెళ్లిళ్లయితే మే నెలలో చేయగలిగేది లేదు. ఫిబ్రవరి, మార్చిలోనే తల్లులతో మాట్లాడాలి. పెళ్లి ఆపమని మనం చెప్పలేం. పెళ్లయ్యాక కూడా పరీక్షలు రాయనిస్తామని వియ్యాలవారి చేత ముందే అనిపించుకోమని చెప్పగలం. కట్నం మాట్లాడే చోట ఈ ఒక్క మాటా కలపమంటే తల్లులకు వెంటనే అర్థమవుతుంది. (కట్నం అడగడం, ఇవ్వడం నేరమే. ఆ సంగతీ చెప్పండి, వింటారన్న ఆశ పెట్టుకోకుండా.)
- అమ్మాయికి 18 నిండకపోతే అది వేరే సంగతి. మొదటి ఏడాదిలో పదిహేడేళ్ల పిల్లలు ఉంటారు. నచ్చజెప్పి కూర్చోవద్దు, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.
- గర్భిణి అయి హాజరు తగ్గితే నేరుగా డిటైన్ చేయకండి (పరీక్షకు ఆపకండి). హాజరులో వెసులుబాటు ఇవ్వాలని యూజీసీ 2021లోనే యూనివర్సిటీలకు రాసింది. మీ యూనివర్సిటీ నిబంధన ఏమిటో రాతపూర్వకంగా అడిగి ఫైల్లో పెట్టుకోండి.
- పని చేసుకుంటున్న పిల్లకు కండోనేషన్ ఫీజు (హాజరు తగ్గినందుకు కట్టేది) కట్టమనే ముందు మొదటి గంట, చివరి గంట ఏ సబ్జెక్టులో చూడండి. ఒక్కోసారి టైమ్‌టేబుల్లో ఒక మార్పు సరిపోతుంది.

హెచ్చరిక: నోట్‌బుక్‌లో పేరు రాయకండి, రోల్ నంబరు మాత్రమే. కారణాలున్న పేజీలు మీ బీరువాలో తాళం వేసి ఉండాలి. ఒక అమ్మాయి ఇంటి సంగతి స్టాఫ్ రూమ్‌లో చర్చకు వచ్చిందంటే మర్నాటి నుంచి మీకెవరూ నిజం చెప్పరు.

3. బెల్లు కొట్టే ముందు బస్సు చూడండి

నేను చేసిన అన్నిటికంటే పెద్ద తప్పు ఇక్కడే జరిగింది. కంప్యూటర్ ల్యాబ్‌కు అదనంగా గంట కావాలని కాలేజీని పొద్దున 9.30 నుంచి సాయంత్రం 4.30 దాకా చేశాను. స్టాఫ్ కౌన్సిల్ ఒప్పుకుంది, మినిట్స్ రాశాం, సర్క్యులర్ తిప్పాం. దసరా దాటాక ఒకరోజు వాచ్‌మన్ వచ్చి, "మేడమ్, నాలుగైందంటే పిల్లలు గేటు పట్టుకుని నిలబడుతున్నారు, తీయమంటారా వద్దా?" అన్నాడు. వెళ్లి చూస్తే ఇరవై మంది పైనే, భుజాన బ్యాగులతో. ఆ వైపు ఊళ్లకు 4.20 బస్సు పోతే మళ్లీ 6.15కే. చలికాలం ఆ వేళకు చీకటి. రెండు నెలలుగా చివరి గంట హాజరు రిజిస్టర్లో మాత్రం అందరూ ఉన్నారు. లెక్చరర్లు పాపం పిల్లల మీద జాలితో వేసేస్తున్నారు.

ఎలా చేయాలంటే:

క) ఊరి పేరు, అక్కడి నుంచి వచ్చే పిల్లల సంఖ్య, పొద్దున బస్సు, సాయంత్రం బస్సు, ఈ నాలుగూ ఒక చార్టు మీద రాయండి. ఏదైనా బస్సు ఎక్కేవాళ్లు పది మంది దాటితే దాన్ని ఎర్ర ఇంకుతో చుట్టండి.

చ) చివరి బెల్లుకూ ఎర్ర ఇంకు బస్సుకూ మధ్య కనీసం 20 నిమిషాలు ఉండాలి. బస్టాండు దూరమైతే ఇంకా ఎక్కువ.

ట) బస్సు టైము మార్పించాలంటే డిపో మేనేజర్‌కు ఉత్తరం ఒక్కటే పంపకండి. ఊరివారీ విద్యార్థినుల సంఖ్య, సర్పంచుల సంతకాలు జత చేయండి. మాకు అలా ఒక బస్సు వెనక్కి జరిగింది, ఒకటి జరగలేదు. జరగని రూట్ పిల్లలకు చివరి గంటలో లైబ్రరీ వేసి, ల్యాబ్ మధ్యాహ్నానికి జరిపాం.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకాలతో ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఛార్జీ లేదు. ఇది మీకు మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది. ఇదివరకు బస్సు పాసు భారమై రాని ఊళ్ల పిల్లలు ఇప్పుడు రాగలరు. మీ ఊరి పిల్లే టికెట్ లేకుండా జిల్లా కేంద్రం కాలేజీకి పోనూగలదు. ఎటు పోతున్నారో తెలియాలంటే మీ ఊరి జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్‌తో కూర్చుని టీ తాగండి. ఇంటర్ పాసైన తమ అమ్మాయిల్లో ఎవరు ఎక్కడ చేరారో ఆయనకు తెలుస్తుంది.

4. బి.ఏ.ను ఏం చేయాలి?

అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. తొందరపడి మూసేయకండి. మూసిన కోర్సును మళ్లీ తెరవాలంటే అఫిలియేషన్ (యూనివర్సిటీ గుర్తింపు) కాగితాలతో రెండేళ్లు తిరగాలి.

ముందు ఖాళీ ఎందుకో తేల్చండి. తెలంగాణలో 2016లో దోస్త్ (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ పద్ధతి) వచ్చాక, ఆంధ్రలో ఆన్‌లైన్ అడ్మిషన్లు వచ్చాక పిల్ల కాలేజీకి రాకుండానే నెట్ సెంటర్లో కూర్చుని ఆప్షన్లు పెడుతుంది. పెట్టేది చాలాసార్లు నెట్ సెంటర్ అబ్బాయే. మీ కాలేజీ కోడు, కోర్సు కోడు అతనికి తెలియకపోతే మీరు లేనట్టే. ఊళ్లోని ప్రతి నెట్ సెంటర్‌కూ వెళ్లి ఒక పేజీ కాగితం ఇచ్చి రండి. కాలేజీలోనే ఉచితంగా ఆప్షన్లు పెట్టించే టేబుల్ వేయండి. ఈ ఒక్క పనితో మాకు రెండో విడతలో సీట్లు నిండిన ఏడాది ఉంది.

తర్వాత, బి.ఏ. చదివితే ఏమొస్తుందో తల్లిదండ్రులకు వాళ్ల భాషలో చెప్పండి. "క్రిటికల్ థింకింగ్" అంటే ఎవరూ కదలరు. "చరిత్ర, పాలిటీ, ఎకానమీ, గ్రూప్-2 సిలబస్‌లో ఉన్నవి ఇవే. బి.ఏ. తర్వాత బి.ఎడ్. చేసి టెట్ పాసైతే డీఎస్సీలో సోషల్ టీచర్ పోస్టుకు రాయొచ్చు" అంటే తండ్రి తలెత్తి చూస్తాడు. ఇది అబద్ధం చెప్పి ఆశ పెట్టడం కాదు. ఉద్యోగం వస్తుందని చెప్పకండి, రాసే అర్హత వస్తుందని చెప్పండి. తేడా వాళ్లకూ తెలుసు.

ఆంధ్రలో 2023-24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చి పాత హిస్టరీ-ఎకనామిక్స్-పాలిటిక్స్ త్రయం విడిపోయింది. ఒక మేజర్, ఒక మైనర్. నన్నడిగితే చిన్న కాలేజీకి ఇది కష్టకాలం. మూడు సబ్జెక్టులకు కలిపి నలభై మంది వచ్చేచోట, ఇప్పుడు ఒక్కో మేజర్‌కు పది పదిహేను మంది. అక్కడ చేయదగ్గది, అన్ని మేజర్లూ పెట్టి అన్నిటినీ పలచన చేసుకోకుండా, పర్మనెంట్ లెక్చరర్ ఉన్న ఒకటి రెండు మేజర్లు ఉంచి మిగతావి మైనర్లుగా నడపడం. తెలంగాణలో సబ్జెక్టుల కూర్పు మార్చుకునే వీలు ఉంది కాబట్టి ఒక పాత సబ్జెక్టుకు తోడు కంప్యూటర్ అప్లికేషన్స్ లాంటిది కలిపి చూడండి.

మాధ్యమం సంగతి మరచిపోకండి. ఆంధ్రలో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చిన అమ్మాయికి మొదటి మూడు వారాలే గండం. ఆ మూడు వారాలు బ్రిడ్జ్ కోర్సు పెట్టండి. ప్రతి సబ్జెక్టులో వంద మాటలు, ఎడమవైపు తెలుగు, కుడివైపు ఇంగ్లీషు. సార్వభౌమాధికారం, ద్రవ్యోల్బణం తెలిసిన పిల్లకు సావర్నిటీ, ఇన్‌ఫ్లేషన్ కొత్త విషయాలు కావు, కొత్త పేర్లు. ఫలితం చూడాలంటే నాలుగో వారంలో ఒక పేరా ఇంగ్లీషులో ఇచ్చి తెలుగులో చెప్పించండి. ఇంగ్లీషులోనే రాయిస్తే గైడు కంఠస్థం చేసి రాస్తారు, మీకేం తెలియదు.

మూసేయక తప్పదని తేలితే చేరినవాళ్లు డిగ్రీ పూర్తి చేసేదాకా క్లాసులు నడుపుతామని నోటీసు పెట్టండి, నడపండి. "మీరు నలుగురే కదా, పక్క కాలేజీకి పోండి" అని సగంలో పంపితే ఆ నలుగురిలో ముగ్గురు ఇంటికే పోతారు.

5. కోర్సు ప్రకటించే ముందు గంటల లెక్క వేయండి

స్టాఫ్ రెండు ముక్కలైందంటే సిద్ధాంతాల గొడవ అనుకోకండి. తొంభై పాళ్లు అది వర్క్‌లోడ్ భయం. నా సబ్జెక్టు పోతే నన్నెక్కడికి పంపుతారు, నా పోస్టు ఉంటుందా? ఆంధ్రలో 2021లో ఎయిడెడ్ (ప్రభుత్వ గ్రాంటుతో జీతాలిచ్చే ప్రైవేటు) కాలేజీల సిబ్బందిని ప్రభుత్వానికి అప్పగించమన్నప్పుడు ఎంత కలత రేగిందో, విద్యార్థులు ఎన్నిచోట్ల రోడ్డెక్కారో, చివరికి అప్పగించినవాళ్లు వెనక్కి తీసుకోవచ్చని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చిందో చూసినవాళ్లకు ఆ భయం ఉత్తుత్తిది కాదని తెలుసు.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు, అసోసియేట్, ప్రొఫెసర్లకు 14 గంటల బోధన. ఒక్కొక్కరికీ ఒక చీటీ రాయండి: ఇప్పుడు ఎన్ని గంటలు, మార్పు తర్వాత ఎన్ని, తగ్గినవి ఎక్కడి నుంచి వస్తాయి. మైనర్ పేపరు, స్కిల్ కోర్సు, బ్రిడ్జ్ కోర్సు, పోటీ పరీక్షల క్లాసు, ఇవన్నీ గంటలే. చీటీ చేతికిచ్చి విడివిడిగా మాట్లాడండి. అందరితో మాట్లాడటం అయ్యాకే స్టాఫ్ మీటింగ్. ముందు మీటింగ్ పెట్టి తర్వాత విడిగా బుజ్జగించబోతే ఎవరూ నమ్మరు.

గెస్ట్ లెక్చరర్లను మరచిపోకండి. మార్పు వస్తే మొదట పోయేది వాళ్లే, చివర తెలిసేదీ వాళ్లకే. మే నెలాఖరుకల్లా ఉన్నదున్నట్టు చెప్పేస్తే వేరే చోట చూసుకుంటారు. జూలై దాకా నాన్చడం పాపం.

6. డబ్బు: రాని సొమ్మును వచ్చినట్టు లెక్కపెట్టకండి

ప్రభుత్వ కాలేజీవాళ్లు ఇది దాటేయవచ్చు. ప్రైవేటు, ఎయిడెడ్ కాలేజీల్లో అన్‌ఎయిడెడ్ కోర్సులు నడిపేవాళ్లకు రీయింబర్స్‌మెంటే ఊపిరి, అది ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. బడ్జెట్ రెండు వరుసలు వేయండి. ఒకటి బ్యాంకులో పడ్డ డబ్బుతో, రెండోది రావలసినదీ కలిపి. జీతాలు మొదటి వరుసలోంచే. కొత్త కోర్సుకు ల్యాబ్ రెండో వరుస చూసి కట్టారా, మునిగారు.

బకాయి ఉందని పిల్ల సర్టిఫికెట్లు పట్టుకోవద్దు. ఒరిజినల్స్ ఉంచుకోకూడదని యూజీసీ 2018లో చెప్పింది. నిబంధన సంగతి అలా ఉంచినా, బి.ఎడ్. కౌన్సెలింగ్‌కు టీసీ దొరకని అమ్మాయికి ఆ ఏడాది ఇంట్లో సంబంధాలు చూసేస్తారు.

7. "కో-ఎడ్ చేసేద్దామా?" అన్నప్పుడు

మేనేజ్‌మెంట్ కమిటీలో ఎవరో ఒకరు అంటారు. కొట్టిపారేయకండి, లెక్క అడగండి. మగపిల్లలు వస్తే ఎన్ని సీట్లు నిండుతాయో వాళ్లు చెప్తారు. ఎంతమంది ఆడపిల్లలు పోతారో చెప్పరు. మీరు చూడవలసింది అదే. ప్రతి క్లాసులో చీటీలు ఇచ్చి, పేరు రాయకుండా ఒక్క ప్రశ్నకు జవాబు రాయించండి: "ఇది మహిళా కాలేజీ కాకపోతే మీ ఇంట్లో చదవనిచ్చేవారా?" మా దగ్గర దాదాపు మూడో వంతు "లేదు" అని రాశారు. ఒక చీటీలో "మా మామయ్య ఒప్పుకోడు" అని రాసి కింద రెండు గీతలు గీసింది ఒక పిల్ల. ఆ చీటీని కమిటీ టేబుల్ మీద పెట్టాను, మళ్లీ ఆ మాట రాలేదు.

అమెరికాలో ఈ దారులన్నీ తొక్కి చూశారు. వాసర్ కాలేజీ 1969లో మగపిల్లల్ని చేర్చుకుంది. కాలిఫోర్నియాలోని మిల్స్ కాలేజీ 2022లో ఒక పెద్ద యూనివర్సిటీలో కలిసిపోయింది. వర్జీనియాలోని స్వీట్ బ్రయర్‌ను మూసేస్తున్నట్టు 2015 మార్చిలో ప్రకటిస్తే పూర్వ విద్యార్థినులు కోర్టుకెక్కి, కోటీ ఇరవై లక్షల డాలర్లు పోగుచేస్తామని ఒప్పందం చేసుకుని నిలబెట్టారు. అది ఇప్పటికీ మహిళా కాలేజీయే. మన దగ్గర 1924లో మొదలైన కోఠీ ఉమెన్స్ కాలేజీ 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఒకరి దారి ఇంకొకరికి సరిపోదు. మీ చీటీలు ఏం చెప్తున్నాయో అదే చూడండి.

మధ్యే మార్గాలు కొన్ని ఉన్నాయి. పక్క కాలేజీతో లైబ్రరీ, ల్యాబ్ ఒప్పందం, సాయంత్రం సర్టిఫికెట్ కోర్సులు, పెళ్లయి చదువు ఆగినవాళ్లకు ఓపెన్ యూనివర్సిటీ స్టడీ సెంటర్. మూడోది నాకు బాగా నచ్చింది. తల్లీ కూతుళ్లు ఒకే గేటులోంచి వచ్చిన ఆదివారాలు ఉన్నాయి.

8. పాత విద్యార్థినులను వెతకండి

మహిళా కాలేజీకి ఇది ప్రత్యేక కష్టం. పెళ్లితో ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది, ఫోన్ నంబరు మారుతుంది. రిజిస్టర్లో ఉన్నది పుట్టింటి అడ్రసు. అందుకే పుట్టింటి ఇంటిపేరు, చేరిన ఏడాది, గ్రూపు, ఈ మూడింటితో జాబితా కట్టండి. ఒక్కో బ్యాచ్‌లో అందరి సంగతులూ తెలిసిన ఒకరుంటారు. ఆమె దొరికితే బ్యాచ్ దొరికినట్టే.

దొరకగానే చందా అడగకండి, మళ్లీ ఫోన్ ఎత్తరు. మొదట పని అడగండి: మీ ఊరి నుంచి ఇద్దరు పిల్లలను చేర్పించమని, ఇంటర్న్‌షిప్‌కు ఒక ఆఫీసు చూపించమని, ఒక శనివారం వచ్చి అంగన్‌వాడీ సూపర్‌వైజర్ ఉద్యోగం ఎలా వచ్చిందో చెప్పమని. డబ్బు వాళ్లంతట వాళ్లే తెస్తారు. మాకు ఇన్వర్టర్ అలాగే వచ్చింది.

తరచూ జరిగే పొరపాట్లు

- న్యాక్ గడువుకు ఆర్నెల్ల ముందు మేల్కొని మూడేళ్ల మినిట్స్ ఒక్క రాత్రిలో రాయించడం. పీర్ టీమ్‌కు ఒకే ఇంకు, ఒకే చేతిరాత ఇట్టే తెలిసిపోతాయి. ఏకార్‌ను (న్యాక్‌కు ఏటా పంపే నాణ్యత నివేదికను) ఏడాదికోసారి అప్పటికప్పుడు పంపేయండి.
- స్వయంప్రతిపత్తి వస్తే అన్నీ చక్కబడతాయనుకోవడం. బోర్డ్ ఆఫ్ స్టడీస్, అకడమిక్ కౌన్సిల్, పరీక్షల విభాగం నడిపే మనుషులు లేకుండా తెచ్చుకుంటే ఫలితాలే ఆలస్యమవుతాయి.
- పేరెంట్స్ మీటింగ్ పనిదినాన పెట్టి ఎవరూ రాలేదనడం. నాట్లు, పత్తి ఏరే రోజులు తప్పించండి. ఆహ్వానం తెలుగులో, తల్లి పేరు మీద పంపండి.
- పాత ప్రిన్సిపాల్‌ను నలుగురిలో తప్పుపట్టడం. ఆమె పెట్టిన కమిటీల్లో సగం మంది మీ ముందు కూర్చున్నవాళ్లే.

పని జరిగిందా లేదా, ఎప్పుడు ఏం చూడాలి

నెలాఖరుకు: నీళ్ల సీసాలు, గడియలు, ఇంటర్నల్ కమిటీ చీటీ అతికించిన చోటు. ఒక పిల్లను ఆపి "ఇబ్బంది వస్తే ఎవరికి చెప్తావు?" అని అడగండి. పేరు చెప్పగలిగితే సరే.

దసరాకు: ఏదో ఒకరోజు చెప్పకుండా చివరి గంటలో మీరే క్లాసుల్లో తలలు లెక్కపెట్టండి, రిజిస్టర్‌తో పోల్చండి. ఐదుకు మించి తేడా ఉంటే లెక్చరర్‌ను తిట్టకండి, బస్సు చార్టు తీయండి.

సంక్రాంతి సెలవుల తర్వాత: మొదటి వారం రాని పిల్లల జాబితా. పండక్కి చూపులు జరిగిన ఇళ్లేవో అందులోనే ఉంటాయి. ఫోన్లు ఆ వారమే చేయించండి.

వచ్చే ఏడాది మూడో సెమిస్టర్ పరీక్ష ఫీజు గడువు రోజున: నోట్‌బుక్‌లో ఆ గడి నింపండి. పాత బ్యాచ్‌లో వేసవికి 12 మంది పోతే ఈసారి ఎంతమంది? మాకు మొదటి ఏడాది తగ్గింది నలుగురే. రెండో ఏడాది ఇంకాస్త.

ఈ మధ్యలో మీకే బదిలీ ఆర్డర్ వస్తే, చార్జ్ అప్పగించే రోజు బీరువా తాళాలతో పాటు ఆ నోట్‌బుక్ కూడా వచ్చేవారి చేతికి ఇవ్వండి. ఇవ్వడమే కాదు, చార్జ్ లిస్టులో ఒక వరుసగా రాసి సంతకం తీసుకోండి.